ఇంగ్లీషు డిగ్రీకి ఈఎంఐ ఎంత?

సెమిస్టర్ ఎగ్జామ్స్ అయిపోయి ఇంటికొచ్చి రెండ్రోజులు కూడా కాలేదు, తెనాలి నుంచి మా బాబాయ్ ఫోన్.

"ఒరేయ్, నువ్వు కంప్యూటర్సే కదా, ఎక్సెల్‌లో లెక్కలు అవీ వేస్తావు కదా. చెల్లి ఇంటర్ ఎంపీసీ పాసయ్యింది. ఇంజినీరింగ్ వద్దంట, బీఏ ఇంగ్లీషు చేస్తుందంట. చేస్తే చేసింది, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ ప్రైవేటు యూనివర్సిటీలో ఏడాదికి నాలుగు లక్షలు. నాలుగేళ్లకి 16. బ్యాంకు వాళ్లు స్థలం కాయితాలు పెట్టమంటున్నారు. పెట్టొచ్చా వద్దా, నువ్వే లెక్కేసి చెప్పు."

బాబాయ్‌కి జిరాక్స్ షాపు ఉంది. ఆ స్థలం తప్ప ఇంకేం లేదు. చెల్లి పెళ్లికో, చదువుకో అని పదిహేనేళ్ల క్రితం వాయిదాల్లో కొన్నాడు. సీఎస్‌ఈ చదివేవాడికి లోన్ల గురించి అన్నీ తెలుసని ఆయన నమ్మకం. నాకేమో అప్పటికి ఈఎంఐ అంటే బజాజ్‌లో ఫోన్ కొనడం వరకే తెలుసు. సరే అన్నాను. ఆ తర్వాత పది రోజులు బ్యాంకు సైట్లు, గవర్నమెంట్ పీడీఎఫ్‌లు, అమెరికా డేటా పేజీలు అన్నీ తిరిగాను. మన క్లబ్‌లో కూడా కనీసం ముగ్గురు నలుగురు "బీటెక్ అయ్యాక ఎంఏ ఇంగ్లీష్ చేస్తా" అనేవాళ్లు ఉన్నారు కాబట్టి, నాకు అర్థమైనదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక గందరగోళం తీర్చేయాలి. బాబాయ్ ధైర్యమంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది: "ఇంగ్లీషు వస్తే ఎక్కడైనా బతుకుతార్రా." గిరీశం కాలం నుంచీ మన ఇళ్లల్లో ఇదే మాట. అది నిజమే కానీ, ఇంగ్లీషు *రావడం* వేరు, ఇంగ్లీషులో *డిగ్రీ* వేరు. జీతం ఇచ్చేది మొదటిదానికి. టెలికాలర్ ఉద్యోగానికైనా, కస్టమర్ సపోర్ట్‌కైనా, కంటెంట్ రాయడానికైనా కంపెనీ చూసేది గడగడా మాట్లాడగలవా, తప్పుల్లేకుండా రాయగలవా అని. ఆ పని నాలాంటి ఇంగ్లీష్ మీడియం బీటెక్ వాడు కూడా చేస్తానని వస్తాడు, బీకాం వాళ్లూ వస్తారు. షేక్‌స్పియర్ మీద, పోస్ట్‌కలోనియల్ థియరీ మీద నాలుగేళ్లు కూర్చున్న మనిషికి ఆ ఇంటర్వ్యూలో ప్రత్యేకంగా ఎక్కువ డబ్బు ఇవ్వరు. డిగ్రీయే తప్పనిసరి అయ్యే ఉద్యోగం ప్రధానంగా ఒకటే, పాఠం చెప్పడం. దాని సంగతి తర్వాత చెబుతాను.

అమెరికా లెక్కలు మనకి ఎందుకు సగమే పనికొస్తాయి

యూట్యూబ్‌లో "ఇంగ్లీష్ మేజర్ వర్తా?" అని కొడితే వచ్చేవన్నీ అమెరికా వీడియోలే. చెల్లి కూడా అవే చూసింది, నేనూ అవే చూశాను. తేడా ఏంటంటే నేను చూసి భయపడ్డాను, తను చూసి ధైర్యం తెచ్చుకుంది. ఇద్దరం తప్పే అని తర్వాత తెలిసింది.

అక్కడ డేటా మాత్రం అద్భుతం, ఆ విషయం ఒప్పుకోవాలి. కాలేజ్ స్కోర్‌కార్డ్ అని అక్కడి ప్రభుత్వమే 2015లో ఒక సైట్ పెట్టింది. ఫలానా కాలేజీలో ఫలానా సబ్జెక్టు చదివినవాళ్లు బయటికొచ్చాక ఎంత సంపాదిస్తున్నారు, ఎంత అప్పుతో బయటికొచ్చారు అన్నది అందులో కనిపిస్తుంది. కాలేజీ వాళ్లు చెప్పుకున్న ప్యాకేజీలు కావు, పన్ను రికార్డుల నుంచి తీసిన సంఖ్యలు. ఫెడరల్ సాయం తీసుకున్న విద్యార్థుల వరకే లెక్క, అది ఒక పరిమితి. అయినా మన "హయ్యెస్ట్ ప్యాకేజ్ 44 లక్షలు" ఫ్లెక్సీల పక్కన పెడితే నేల, ఆకాశం.

న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు కూడా సబ్జెక్టుల వారీగా ఒక టేబుల్ వేస్తుంది. అందులో ఇంగ్లీషు చదివి కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల మీడియన్ జీతం ఏడాదికి 40 వేల డాలర్ల పైచిలుకు. కంప్యూటర్ సైన్స్ వాళ్లది దాదాపు దానికి రెట్టింపు. అంతేకాదు, ఇంగ్లీషు చదివిన కొత్తవాళ్లలో దాదాపు సగం మంది అసలు డిగ్రీ అక్కర్లేని ఉద్యోగాల్లో ఉన్నారని ఆ టేబుల్ చెబుతుంది. ఇక్కడిదాకా చదివి నేను "చూశావా" అని చెల్లికి స్క్రీన్‌షాట్ పంపాను. తను అదే టేబుల్‌లో పక్క కాలమ్ స్క్రీన్‌షాట్ తీసి తిరిగి పంపింది. 2025లో వేసిన పట్టికలో అసలు ఉద్యోగమే లేనివాళ్ల శాతం: కంప్యూటర్ సైన్స్ 6.1, కంప్యూటర్ ఇంజినీరింగ్ 7.5. ఇంగ్లీషుది వీటికంటే తక్కువ. కింద ఒక నవ్వు ఎమోజీ. సరే, ఆ రౌండ్ తనదే.

కానీ అసలు సంగతి జీతాల్లో లేదు, అప్పు తయారైన పద్ధతిలో ఉంది. అమెరికాలో తల్లిదండ్రుల మీద ఆధారపడిన డిగ్రీ విద్యార్థికి ఫెడరల్ లోన్ మొదటి ఏడాది 5,500 డాలర్లు, రెండో ఏడాది 6,500, ఆ తర్వాత ఏడాదికి 7,500. అంతకు మించి ఇవ్వరు. నాలుగేళ్లకి కలిపితే 27,000. అంటే ఇంగ్లీషు చదివినవాడి మొదటి ఏడాది జీతం కంటే ఆ అప్పు తక్కువే. అక్కడ బాగా వాడుకలో ఉన్న ఒక మోటు సూత్రం కూడా ఇదే: మొత్తం అప్పు మొదటి ఏడాది జీతం దాటకూడదు. (ప్రైవేటు లోన్లు, తల్లిదండ్రుల పేరున లోన్లు వేరే ఉంటాయి. నిజంగా మునిగేవాళ్లు చాలామంది అక్కడ మునుగుతారు.) జీతం తక్కువైతే జీతాన్ని బట్టి కట్టుకునే పద్ధతులు ఉన్నాయి. టీచరుగానో, ప్రభుత్వ ఉద్యోగిగానో చేస్తే 120 నెలసరి వాయిదాల తర్వాత మిగిలింది మాఫీ చేసే పథకం 2007 నుంచీ ఉంది. 2025 జూలైలో వచ్చిన చట్టం ఇంకో మెలిక పెట్టింది: ఒక కోర్సు చదివినవాళ్ల మీడియన్ సంపాదన, హైస్కూలుతో ఆపేసినవాళ్ల సంపాదన కంటే తక్కువని మూడేళ్లలో రెండేళ్లు తేలితే, ఆ కోర్సుకి ఫెడరల్ లోన్లు ఆగిపోతాయి. అంటే పిల్లవాడు మాత్రమే కాదు, కోర్సు కూడా పరీక్ష రాయాలి.

ఇంగ్లండ్ ఇంకా విచిత్రం. 2023 ఆగస్టు తర్వాత చేరిన అక్కడి విద్యార్థులు ఏడాదికి 25,000 పౌండ్లు దాటిన జీతం మీద మాత్రమే 9 శాతం కడతారు. 30,000 జీతం వస్తే దాటిన 5,000 మీద 9 శాతం, అంటే ఏడాదికి 450 పౌండ్లు. నెలకి 40 కూడా కాదు. జీతం లేకపోతే వాయిదా లేదు. 40 ఏళ్లకి తీరకపోతే కొట్టేస్తారు. దాన్ని అప్పు అనడం కంటే పన్ను అనడం నయం. అక్కడ ఇంగ్లీషు చదవాలా వద్దా అన్న చర్చ వేరు, ఎందుకంటే అక్కడ తప్పు నిర్ణయం తీసుకున్నా ఇల్లు పోదు. మన వాళ్లు అక్కడికి వెళ్లి ఎంఏ చేస్తే మాత్రం ఈ వెసులుబాటు ఏదీ వర్తించదు. ఫీజు విదేశీ విద్యార్థి ఫీజు, లోను మన బ్యాంకు లోను.

మన లోను ఎలా పనిచేస్తుంది

ఇక్కడికొచ్చేసరికి బాబాయ్ స్థలం కాయితాలు ఎందుకు అడిగారో అర్థమైంది. మన బ్యాంకుల ఎడ్యుకేషన్ లోన్లు మామూలుగా 4 లక్షల వరకు ఏ తాకట్టూ లేకుండా ఇస్తారు. 7.5 లక్షల వరకు ప్రభుత్వ గ్యారంటీ ఫండ్ కింద తాకట్టు లేకుండా ఇచ్చే అవకాశం ఉంది. అది దాటితే ఆస్తి అడుగుతారు. 16 లక్షలు కాబట్టి స్థలం. అమెరికా ఫెడరల్ లోను పిల్లవాడి పేరు మీద ఉంటుంది. ఇక్కడ తండ్రో తల్లో జాయింటుగా సంతకం పెట్టాలి. వాయిదా తప్పితే సిబిల్ స్కోరు ఇద్దరిదీ పడుతుంది.

కోర్సు నడిచినన్నాళ్లు, ఇంకో ఏడాది, వాయిదా కట్టక్కర్లేదు. దీన్ని మారటోరియం అంటారు. చాలామంది (నేను కూడా) ఆ టైంలో వడ్డీ ఉండదనుకుంటారు. ఉంటుంది. చక్రవడ్డీ కాదు, బారువడ్డీ, అంతే తేడా. 10 శాతం వడ్డీ అనుకుని చెల్లి లెక్క వేద్దాం. మొదటి ఏడాది తీసుకున్న 4 లక్షలు అయిదేళ్లు వడ్డీ తింటుంది, రెండో ఏడాదిది నాలుగేళ్లు, మూడో ఏడాదిది మూడేళ్లు, నాలుగో ఏడాదిది రెండేళ్లు. మొత్తం 14 ఏళ్ల వడ్డీ, 4 లక్షల మీద. అంటే 5 లక్షల 60 వేలు. చెల్లి మొదటి వాయిదా కట్టే రోజుకి 16 లక్షల అప్పు 21 లక్షల 60 వేలు అయి కూర్చుంటుంది. అప్పటినుంచి దాని మొత్తం మీద నెలనెలా వడ్డీ.

ఎక్సెల్‌లో పీఎంటీ అని ఒక ఫార్ములా ఉంది. వడ్డీ రేటు, నెలలు, అసలు ఇస్తే ఈఎంఐ చెప్పేస్తుంది. పదేళ్లు అని కొట్టాను: నెలకి 28,544. పదిహేనేళ్లు అని కొట్టాను: 23,211. హమ్మయ్య, అయిదు వేలు తగ్గింది అనుకునేలోపు మొత్తం కాలమ్ చూశాను. పదేళ్లకి కట్టేది 34 లక్షల పైన, పదిహేనేళ్లకి దాదాపు 42 లక్షలు. ఇంకో విషయం. ఆ పదిహేనేళ్ల ప్లాన్‌లో మొదటి నెల కట్టే 23,211లో 18,000 వడ్డీకే పోతుంది. అసలు తగ్గేది 5,211. ఏడాదంతా కట్టినా అప్పు కదిలినట్టే అనిపించదు. "బ్యాంకుకి కడుతూనే ఉన్నాం, అలాగే ఉంది" అని మన ఇళ్లల్లో అంటారే, అది విసుగుతో అనే మాట కాదు, ఫార్ములాలోనే ఉంది.

ఇప్పుడు రెండో వైపు. బీఏ ఇంగ్లీషు పూర్తిచేసి కంటెంట్ రైటింగ్‌లో చేరిన ఇద్దరు సీనియర్లు నాకు తెలుసు. ఇద్దరికీ మొదటి జీతం చేతికి 20 వేల దగ్గర. ఇద్దరి మాట పట్టుకుని అందరికీ అంతే అనను. కానీ 30 వేలు వచ్చిందనుకున్నా, 28,544 కట్టి మిగిలినదాంతో హైదరాబాద్‌లో హాస్టల్ కాదు కదా, నెలకి బస్ పాస్ కూడా కష్టం. పదిహేనేళ్ల ప్లాన్‌తో 7 వేలు మిగులుతాయి. అంటే చెల్లి ఉద్యోగం చేస్తూ ఉంటే బాబాయ్ తిండికి డబ్బులు పంపాలి.

నేను ఎంత తిప్పినా వదలని పాయింటు ఇది. ఇంగ్లీషు చదివినవాళ్ల సంపాదన పెరగదని కాదు. పెరుగుతుంది. అమెరికా పట్టికలో కూడా మధ్య వయసుకి వచ్చేసరికి వాళ్ల జీతం మొదటిదానికంటే బాగా పైన ఉంటుంది. ఎడిటర్ అవుతారు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెక్నికల్ రైటర్ అవుతారు, లెక్చరర్ అవుతారు. కానీ నెమ్మదిగా. ఈఎంఐ మాత్రం మొదటి నెల నుంచీ ఒకటే. డబ్బు అతి తక్కువగా ఉన్న అయిదారేళ్లలోనే అప్పు గట్టిగా అడుగుతుంది. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఆ ఏళ్లకి ఒక మెత్త వేశారు. మన దగ్గర ఆ మెత్త పేరు బాబాయ్.

రాయితీలు ఎవరికి

కేంద్ర ప్రభుత్వం మారటోరియం వడ్డీ మొత్తం తనే కట్టే పథకం ఒకటి ఉంది, ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే. బాబాయ్ ఆదాయం అంతే. ఎగిరి గంతేశాను. తర్వాత రెండో పేరా చదివాను: టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సులకి మాత్రమే. బీటెక్‌కి వస్తుంది, బీఏ ఇంగ్లీషుకి రాదు. తక్కువ జీతం వచ్చే కోర్సుకి ఎక్కువ వడ్డీ. ఎవరు ఆలోచించి పెట్టారో గానీ.

2024 నవంబరులో క్యాబినెట్ ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కొంచెం మెరుగు. ఇక్కడ కోర్సు కంటే సంస్థ ముఖ్యం. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో పైన ఉన్నవి, కేంద్ర ప్రభుత్వ సంస్థలు కలిపి మొదట 860 సంస్థలు. వాటిలో సీటు వస్తే తాకట్టు లేకుండా, హామీదారు లేకుండా లోను. ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు అప్పు మీద మారటోరియం కాలంలో వడ్డీలో 3 శాతం ప్రభుత్వం కడుతుంది. అది కూడా ఏడాదికి లక్ష మందికే, అందులోనూ టెక్నికల్ కోర్సుల వాళ్లకి ముందు వరస. బాబాయ్ చూసిన ప్రైవేటు యూనివర్సిటీ ఆ జాబితాలో లేదు. దాని కౌన్సెలర్‌కి నేనే ఫోన్ చేసి అడిగాను. "సర్, విద్యాలక్ష్మి పోర్టల్‌లో అప్లై చేసుకోవచ్చు సర్" అన్నారు. పోర్టల్‌లో అప్లై చేయడం, పథకానికి అర్హత ఉండడం వేరు వేరు విషయాలని అప్పటికే తెలుసు కాబట్టి సరిపోయింది. బీఏ ఇంగ్లీషు మీడియన్ జీతం ఎంత అని కూడా అడిగాను. యూనివర్సిటీ మొత్తం యావరేజ్ చెప్పారు, అందులో వాళ్ల సీఎస్‌ఈ వాళ్లు కూడా ఉన్నారు.

యావరేజ్‌కీ మీడియన్‌కీ తేడా మన బ్రాంచ్ వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, ఇంట్లో వాళ్లకి చెప్పాలి. తొమ్మిది మందికి 3 లక్షలు, ఒకడికి 40 లక్షలు వస్తే యావరేజ్ 6.7 లక్షలు. మధ్యలో నిలబడినవాడికి వచ్చేది 3. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కి కాలేజీలు ఇచ్చే డేటాలో మీడియన్ జీతం ఉంటుంది, ఎవరైనా తెరిచి చూడొచ్చు. కానీ అది మూడేళ్ల డిగ్రీలన్నిటికీ కలిపి ఒకటి, నాలుగేళ్ల డిగ్రీలన్నిటికీ కలిపి ఒకటి. బీఏ, బీఎస్సీ, బీకాం ఒకే కుండలో. పైగా ప్లేస్‌మెంట్ వచ్చినవాళ్ల మీడియన్ అది. రానివాళ్లు ఆ కుండలోనే లేరు.

చిన్న చిన్న రాయితీలు కూడా రాసేస్తాను, ఎవరికైనా పనికొస్తాయి. చాలా ప్రభుత్వ బ్యాంకుల్లో అమ్మాయిలకి అర శాతం తగ్గింపు ఉంది. చదువుకునేటప్పుడే వడ్డీ కడుతూ పోతే ఇంకో శాతం వరకు తగ్గించే బ్యాంకులున్నాయి. చెల్లి విషయంలో అలా కట్టాలంటే మొదటి ఏడాది నెలకి 3,333, నాలుగో ఏడాదికి 13,333. జిరాక్స్ షాపు మీద కష్టమే. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 80ఈ కింద లోన్ వడ్డీకి ఎనిమిదేళ్లు మినహాయింపు ఉంది, అదీ పాత పద్ధతి ఎంచుకుంటేనే. కానీ పన్ను పడేంత జీతం ఉండాలి కదా ముందు.

పాఠం చెప్పే దారి

మన క్లబ్‌లో బుచ్చిబాబు చదివినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసి, తర్వాత రేడియోలోకి వెళ్లారు. అప్పట్లో ఇంగ్లీషు ఎంఏ అంటే కాలేజీలో ఉద్యోగం దాదాపు ఎదురుచూస్తూ ఉండేది అని మా తాతయ్య అంటుంటారు. ఇప్పుడు ఆ దారి ఇలా ఉంది: స్కూల్లో ఇంగ్లీషు చెప్పాలంటే డిగ్రీ తర్వాత బీఈడీ, టెట్, ఆ తర్వాత డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. డిగ్రీ కాలేజీలో, యూనివర్సిటీలో చెప్పాలంటే ఎంఏలో 55 శాతం, నెట్ లేదా సెట్. గెలిస్తే మాత్రం బాగుంటుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనమే యూజీసీ స్కేలులో 57,700 దగ్గర మొదలవుతుంది, డీఏ అవీ వేరే. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీ చేసేటప్పుడు నెలకి 37,000. చెల్లి ఈ సంఖ్య చూపించి "ఇదిగో నా ఈఎంఐ" అంది. అయితే జేఆర్‌ఎఫ్ వచ్చేవాళ్లు కొద్దిమంది. మిగతావాళ్లలో చాలామంది పీరియడ్‌కి ఇంత అని తీసుకునే గెస్ట్ లెక్చరర్లుగా ఏళ్ల తరబడి ఉండిపోతారు. సెలవుల్లో ఆ జీతం ఉండదు. ఈఎంఐకి సెలవులు లేవు.

ఇందులో అప్పు పరంగా ఒక ఉచ్చు ఉంది. ఈ దారిలో డిగ్రీ అనేది సగం మాత్రమే. ఎంఏ, బీఈడీ, నెట్ ప్రయత్నాలు కలిపితే ఇంటర్ తర్వాత ఆరేడేళ్లు. డిగ్రీ లోను మారటోరియం మాత్రం డిగ్రీ అయిన ఏడాదికే ముగుస్తుంది. ఎంఏ చదువుతుండగానే మొదటి వాయిదా తలుపు తడుతుంది. పై చదువుకి టాప్-అప్ ఇచ్చి పాత వాయిదాని వెనక్కి జరిపే వీలు ఉంటుంది, కానీ అది బ్యాంకుతో ముందే మాట్లాడుకోవాలి, వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అంటే డిగ్రీకే మొత్తం అప్పు వాడేస్తే, ఆ డిగ్రీని ఉద్యోగంగా మార్చే మెట్టుకి డబ్బు మిగలదు.

అందుకని షీట్‌లో ఇంకో వరస పెట్టాను. చెల్లి సీయూఈటీ రాసింది. 2022 నుంచి సెంట్రల్ యూనివర్సిటీల డిగ్రీ సీట్లకి అదే దారి. మన హైదరాబాద్‌లోనే ఇఫ్లూ ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయ్యింది. దేశంలో ఇంగ్లీషు టీచర్లకి ట్రైనింగ్ ఇవ్వడానికే పుట్టిన సంస్థ అది, ఈ చదువుకి అంతకంటే పేరున్న చిరునామా తక్కువ. సెంట్రల్ యూనివర్సిటీలో ట్యూషన్ ఫీజు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ, ఖర్చంతా హాస్టల్, తిండి. ఏడాదికి 75 వేలు అని కాస్త ఎక్కువే వేసుకుని, అదంతా అప్పే అనుకున్నాను. నాలుగేళ్లకి 3 లక్షలు, వడ్డీతో మొదటి వాయిదా నాటికి 4 లక్షల 5 వేలు. పదేళ్లకి నెలకి 5,352. తాకట్టు లేదు. స్థలం కాయితాలు బీరువాలోనే ఉంటాయి.

అదే డిగ్రీ, అదే షేక్‌స్పియర్, అదే ఉద్యోగాల మార్కెట్. ఒక చోట 28,544, ఇంకో చోట 5,352. పది రోజులు నేను "ఇంగ్లీషు చదవాలా వద్దా" అని లెక్క వేస్తున్నాననుకున్నాను. సంఖ్యలు ఆ ప్రశ్నకి అసలు జవాబు చెప్పడం లేదు. ఎక్కడ, ఎంత అప్పుతో అన్నదానికే చెబుతున్నాయి. సీయూఈటీలో రాకపోతే ఊళ్లోనే ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది, అక్కడ ఏడాది ఫీజు ఈ హాస్టళ్ల నెల బిల్లు కంటే పెద్దగా ఉండదు. చెల్లికి ఆ ఆప్షన్ నచ్చలేదు. "అక్కడ లైబ్రరీ తాళం తీయర్రా" అంది, కోపంలో అన్నయ్యని కూడా రా అనేసింది. అది ఎక్సెల్‌లో పట్టే విషయం కాదు, కానీ చిన్న విషయమూ కాదు. మంచి క్లాస్‌మేట్లు, మంచి టీచర్లు లేకుండా సాహిత్యం చదవడం ఎలా ఉంటుందో మనకి తెలుసు. అందుకే కదా ఈ క్లబ్ పెట్టుకున్నాం.

బాబాయ్‌కి చూపించడానికి ఒక రంగుల కాలమ్ పెట్టాను. అమెరికాలో కొన్ని రకాల కోర్సుల మీద, ముఖ్యంగా లాభం కోసం నడిపే కాలేజీల మీద పెట్టిన ఒక రూల్ ఉంది: ఏడాది వాయిదాలు ఏడాది సంపాదనలో 8 శాతం దాటకూడదు. ఆ లెక్కన 23,211 ఈఎంఐ సుఖంగా కట్టాలంటే ఏడాదికి దాదాపు 35 లక్షల జీతం ఉండాలి. 5,352కి కూడా 8 లక్షలు కావాలి. మన జీతాలకి 8 శాతం మరీ కఠినం అనిపించి, చేతికొచ్చే జీతంలో 25 శాతం దాటితే ఎరుపు, లోపు అయితే ఆకుపచ్చ అని నేనే మార్చుకున్నాను. చేతికి 22 వేలు అనుకుంటే 5,352 అంటే 24 శాతం పైన. ఆకుపచ్చ, కానీ అంచు మీద.

కాలమ్‌లు వరసగా పెట్టాక, సరదాగా నా బీటెక్ కూడా ఒక వరసలో వేశాను. కన్వీనర్ కోటాలో సీటు రాలేదు నాకు. ఏడాదికి లక్షన్నర చొప్పున 6 లక్షల లోను. మారటోరియం వడ్డీతో 8 లక్షల 10 వేలు. పదేళ్లకి ఈఎంఐ 10,704. మన కాలేజీకి ఏటా వచ్చే మాస్ రిక్రూటర్ల ఆఫర్‌లో చేతికొచ్చేది 25 వేలు అనుకున్నాను. 43 శాతం. గడి ఎర్రగా అయ్యింది. పదిహేనేళ్లు అని మార్చి చూశాను, 8,704. అప్పుడూ ఎరుపే. ఆ ఆఫర్ కూడా ఈ మధ్య ఎంతమందికి వస్తోందో ఫైనల్ ఇయర్ వాళ్లని అడిగితే తెలుస్తుంది. మా నాన్న సంతకం పెట్టేటప్పుడు ఈ షీట్ ఎవరూ వేయలేదు. "కంప్యూటర్స్ కదా" అన్నారు అందరూ, బ్యాంకు మేనేజర్‌తో సహా.

ఆ వరసని హైడ్ చేసి షీట్ బాబాయ్ వాట్సాప్‌కి పంపాను. బాబాయ్ ప్రింట్ తీసి షాపులో గోడకి అంటించాడట. స్థలం కాయితాలు సీయూఈటీ రిజల్ట్ వచ్చేదాకా కదిలించనని చెప్పాడు. ఆ రాత్రి పదకొండింటికి చెల్లి నుంచి మెసేజ్ వచ్చింది. ఫైల్ ఫోన్‌లో కాదు, షాపులో కంప్యూటర్ మీద తెరిచినట్టుంది.

"అన్నయ్యా, ఏడో వరస తర్వాత తొమ్మిదో వరస ఉంది. అన్‌హైడ్ చేశాను. ఈ ఎర్ర గడి ఎవరిది?"